మోకాలి మార్పిడి తర్వాతి ఆరు వారాలు: డిసెంబరు సెలవుల్లో అమెరికాలోనా, నల్లగొండలోనా?

దసరా దాటిందంటే నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాల్లో ఒక చర్చ మొదలవుతుంది. అక్కడ పిల్లల దగ్గర గ్రీన్‌కార్డుతో ఉంటున్న తల్లికో తండ్రికో, లేదా ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉద్యోగం చేస్తూ అరవైకి దగ్గరపడిన వారికో, మోకాళ్లు అరిగిపోయి ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పి ఉంటారు. డిసెంబరులో అందరికీ సెలవులుంటాయి కాబట్టి అక్కడే చేయించుకుని అక్కడే కోలుకోవాలా, లేక హైదరాబాదులో చేయించుకుని సంక్రాంతి దాటేదాకా సొంత ఇంట్లో ఉండి వెళ్లాలా అన్నది ఆ చర్చ. చాలామంది దీనిని ఆసుపత్రి పేరును బట్టి, ఖర్చును బట్టి తేల్చుకుంటారు. నేను మాత్రం ముందుగా ఒకే ఒక ప్రశ్న వేయమంటాను: ఆపరేషన్ జరిగిన రెండో వారం నుండి ఆరో వారం దాకా, పగటిపూట, ఆ మనిషి పక్కన ఎవరుంటారు?

ఎందుకంటే ఆపరేషన్ ఎక్కడ చేసినా దాదాపు ఒక్కటే. లోహంతో, గట్టి ప్లాస్టిక్‌తో చేసిన కొత్త కీలు అమర్చిన నాటి నుండే బరువు మోస్తుంది. అందుకే అదే రోజు గానీ మరునాడు గానీ వాకర్ పట్టించి నాలుగడుగులు వేయిస్తారు. మానవలసింది దాని చుట్టూ కోసి కుట్టిన చర్మం, కండ. కుట్లు 10 నుండి 14 రోజుల్లో తీస్తారు. రెండు వారాలకు మోకాలు 90 డిగ్రీల దాకా వంగాలని, ఆరు వారాలకు 110 డిగ్రీలు దాటాలని, అంతకంటే ముఖ్యంగా పడుకున్నప్పుడు కాలు పూర్తిగా చాచగలగాలని డాక్టర్లు చూస్తారు. ఈ కాలంలో వంచకుండా వదిలేస్తే గాయం మానేచోట లోపల ఏర్పడే కణజాలం గట్టిపడి, మళ్లీ మత్తు ఇచ్చి మోకాలిని వంచవలసిన పరిస్థితి రావచ్చు. మొదటి వారంలో నొప్పి మందులు బలంగా ఉంటాయి, ఇంటినిండా మనుషులుంటారు. మందుల మోతాదు తగ్గినా వాపు తగ్గక, రాత్రి నిద్ర పట్టక, ఎందుకు చేయించుకున్నానా అని మనిషి దిగులుపడేది మూడో వారంలో, నాలుగో వారంలో. రోజుకు మూడు నాలుగు సార్లు దగ్గరుండి వ్యాయామం చేయించే మనిషి అవసరం సరిగ్గా అప్పుడే ఎక్కువ.

ఇప్పుడు అమెరికా డిసెంబరును చూద్దాం. అక్కడ సంవత్సరాంతంలో ఆపరేషన్ చేయించుకోవడానికి బలమైన కారణం సెలవులకంటే బీమా. చాలా ఉద్యోగ బీమాల్లో డిడక్టిబుల్, అంటే బీమా కంపెనీ చెల్లించడం మొదలుపెట్టే ముందు మనం చేతి నుండి పెట్టుకోవలసిన మొత్తం, జనవరి 1న మళ్లీ సున్నా నుండి లెక్కకు వస్తుంది. ఆ సంవత్సరం ఇతర చికిత్సలతో ఆ మొత్తం తీరిపోయి ఉంటే డిసెంబరులో చేయించుకున్న వారికి ఆపరేషన్ చాలా చౌకగా పడుతుంది. అయితే డిసెంబరు మధ్యలో ఆపరేషన్ అయిన వారికి ఫిజియోథెరపీలో ఎక్కువ భాగం జనవరి, ఫిబ్రవరి నెలల్లోకి పడుతుంది. ఆ ఖర్చు కొత్త సంవత్సరపు డిడక్టిబుల్ కిందికి వస్తుంది. ఏడాదికి ఇన్ని సార్లే ఫిజియోథెరపీ అని పరిమితి పెట్టే బీమాల్లో కొత్త ఏడు కొత్త లెక్క తెస్తుంది కనుక అది కొంత మేలే. రెండిటినీ కాగితం మీద పెట్టి చూసుకోవాలి. క్రిస్మస్ నుండి కొత్త సంవత్సరం దాకా ఫిజియోథెరపీ కేంద్రాలు కొన్ని రోజులు మూసి ఉంటాయి, మిగిలిన రోజుల్లో సమయం దొరకడం కష్టం. అంటే క్రమం తప్పకూడని వారాల్లోనే క్రమం తప్పే ప్రమాదం ఉంది.

పిల్లల సెలవుల సంగతి ఇంకా ముఖ్యం. కొడుకు, కోడలు, మనవలు అందరూ ఇంట్లో ఉండేది క్రిస్మస్ చుట్టూ ఓ పది రోజులు. జనవరి రెండో తేదీకి ఎవరి ఆఫీసుకు వారు, ఎవరి బడికి వారు. అప్పటికి అమ్మ మోకాలికి రెండు వారాలు నిండి ఉంటాయి, అసలు కష్టం మొదలై ఉంటుంది. పెద్దవాళ్లను చూసుకోవడానికి 1993 నాటి కుటుంబ వైద్య సెలవు చట్టం కింద 12 వారాల దాకా జీతం లేని సెలవు తీసుకునే వీలుంది. 50 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థల్లో ఏడాదికి పైగా ఉద్యోగం చేసిన వారికి అది వర్తిస్తుంది. కానీ ఆ చట్టం సొంత తల్లిదండ్రులకే. అత్తమామల కోసం ఆ సెలవు రాదు. మన ఇళ్లలో అత్తగారి సేవ కోడలి మీద పడడం అలవాటు కాబట్టి ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. సెలవు పెట్టవలసింది కొడుకే, లేదా కూతురే.

అమెరికా పక్షాన ఉన్న మంచి కూడా చెప్పాలి. ప్రతి ఇంట్లో కమోడ్ ఉంటుంది; దాని మీద పెట్టే ఎత్తు సీటు, పట్టుకునే కడ్డీలు, స్నానపు కుర్చీ సులభంగా దొరుకుతాయి. చాలామందికి మొదటి రెండు వారాలు ఫిజియోథెరపిస్టు ఇంటికే వస్తారు. ఇంగ్లీషు రాని వారికి ఆసుపత్రి తెలుగు దుబాసీని ఉచితంగా ఫోన్‌లో ఇప్పించాలి. అడిగి మరీ పెట్టించుకోవాలి. సలుపు వేరు, పోటు వేరు, గుంజుడు వేరు. ఆ తేడా డాక్టరుకు చేరకపోతే మందు సరిగ్గా కుదరదు. ఇక ఇబ్బందులు కూడా ఇంటిలోనే ఉన్నాయి. పడకగదులు మేడమీద ఉంటాయి, బాత్‌టబ్ అంచు దాటి లోపలికి దిగాలి. న్యూజెర్సీలోనో షికాగోలోనో అయితే డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, బయట మంచు గడ్డకట్టి ఉంటుంది, వాకర్‌తో వీధిలో నడిచే మాటే ఉండదు. డాలస్ వంటి చోట చలి తక్కువే అయినా, కారు నడిపేవారు లేకపోతే ఫిజియోథెరపీకి వెళ్లే దారి లేదు.

విజిటర్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులకు అక్కడే చేయిద్దామనుకునే వారికి ఒక్క మాట చాలు: సందర్శకుల బీమాలు ముందునుండీ ఉన్న జబ్బుకు ముందుగా నిర్ణయించుకుని చేయించే ఆపరేషన్‌ను భరించవు. ఆ ఆలోచన వదులుకోవడం మంచిది.

నల్లగొండ వైపు చూస్తే మొదటి బలం వాతావరణం. నవంబరు నుండి ఫిబ్రవరి దాకా మన జిల్లాల్లో పొద్దున్నే, సాయంత్రం హాయిగా నడవవచ్చు. ఏప్రిల్, మే నెలల ఎండలో కోలుకోవడంతో దీనికి పోలికే లేదు. రెండో బలం మనుషులు. అక్కో చెల్లెలో వదినెనో పగలంతా ఇంట్లో ఉండే కుటుంబాలు మనకు ఇంకా ఉన్నాయి. పనిమనిషిని, రాత్రిపూట తోడుగా ఉండే మనిషిని పెట్టుకోవడం సాధ్యమే. అయితే ఊరు వేరు, పట్టణం వేరు. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించుకోవచ్చు. దేవరకొండ, అచ్చంపేట అవతలి తండాల్లో, పల్లెల్లో ఆ సౌకర్యం ఆశించలేము. సొంత ఇల్లు పల్లెలో ఉన్నా మొదటి ఆరు వారాలు పట్టణంలో, కింది అంతస్తులో, కమోడ్ ఉన్న ఇంట్లో ఉండడం మేలు. నల్లగొండ నుండైనా, మహబూబ్‌నగర్ నుండైనా హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లే కాబట్టి కుట్లు తీయించడానికో, పుండు నుండి చీమో నీరో కారితే చూపించడానికో వెళ్లిరావడం పెద్ద భారం కాదు.

మన వైపు ప్రమాదాలు ప్రేమ రూపంలో వస్తాయి. చూడవచ్చిన ప్రతి చుట్టమూ ‘కదలకు, పండుకో’ అంటుంది. వ్యాయామం చేయిస్తుంటే ఏడిపిస్తున్నారని కోప్పడతారు. మోకాలి కింద మెత్త పెట్టడం సుఖంగా ఉంటుంది కానీ అలా పెడితే కాలు వంపుతోనే బిగుసుకుపోతుంది. మెత్త పెట్టవలసింది మడమ కింద. కుట్ల మీద నూనె మర్దన, పసరు కట్లు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. సంక్రాంతికి అరిసెలు, సకినాలు ఇంటినిండా ఉంటాయి. షుగర్ ఉన్నవారికి ఆ నెలలో అది అదుపు తప్పితే గాయం మానదు, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. కొత్త మోకాలితో కింద బాసిపట్లు వేసి కూర్చోవడం, చెర్వుగట్టు మెట్లెక్కి మొక్కు తీర్చుకోవడం ఆ సీజనుకు పెట్టుకోకూడదు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అన్న సూత్రం ఇంట్లో పిల్లలకు సైతం నేర్పితే వారే గుర్తుచేస్తారు.

మన నల్లగొండ జిల్లా వారికి ప్రత్యేకించి వర్తించే ఒక కారణాన్ని ఇక్కడ గట్టిగా చెప్పదలిచాను. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో పుట్టి పెరిగి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన ఫ్లోరైడ్ నీళ్లను ఏళ్ల తరబడి బోర్లు, బావుల నుండి తాగిన వారిలో కొందరికి కీళ్లు అరగడమే కాక, కీళ్ల చుట్టూ ఎముకలను కలిపి ఉంచే స్నాయువులు, వెన్నెముక స్నాయువులు ఎముకలా గట్టిపడి ఉంటాయి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పెరుగుతున్న పిల్లల సంగతి వేరు. ఇప్పుడు మోకాళ్లు మార్పించుకునే వయసు వారు పాత నీళ్లు తాగినవారే. అటువంటి వారికి వెన్నులో మత్తు సూది ఇవ్వడం కష్టం కావచ్చు, ఆపరేషన్ తర్వాత మోకాలు వంచడానికి ఎక్కువ ఓపిక పట్టవచ్చు. హైదరాబాదు డాక్టర్లకు నల్లగొండ అనగానే ఆ అనుమానం వస్తుంది. అమెరికా డాక్టరు దీనిని తన వృత్తిలో ఒక్కసారీ చూసి ఉండకపోవచ్చు. అక్కడే చేయించుకునే పక్షంలో మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పి, వెన్నెముక ఎక్స్‌రే చూపించి తీరాలి.

ఖర్చు విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల, అంటే లోపల అమర్చే కృత్రిమ కీళ్ల, ధరకు పైపరిమితి పెట్టింది. సాధారణ కోబాల్ట్ క్రోమియం కీలుకు అప్పట్లో అది జీఎస్టీ కాక 54,720 రూపాయలు. బీమా లేకుండా అమెరికాలో చేయించుకునే ఖర్చుతో ఇక్కడి మొత్తం ఖర్చును పోల్చనే లేము.

ఇక్కడ చేయించుకున్న వారికి అసలు చిక్కు తిరుగు ప్రయాణం. ఆపరేషన్ తర్వాత కాలి రక్తనాళాల్లో గడ్డ కట్టే ప్రమాదం కొన్ని వారాలు ఉంటుంది. హైదరాబాదు నుండి అమెరికాకు మధ్యలో విమానం మారి, మొత్తం ఇరవై గంటలకు పైగా పట్టే ప్రయాణం ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. కనీసం ఆరు వారాలు, వీలైతే మూడు నెలలు ఆగమని డాక్టర్లు చెప్పేది అందుకే. పిల్లలు జనవరి మొదట్లో తిరిగి వెళ్తూ అమ్మను కూడా తీసుకువెళ్దామని డిసెంబరులో ఆపరేషన్ పెట్టుకోవడం ఈ కారణంగానే తగదు. దీపావళి కాగానే, నవంబరు మొదట్లో ఆపరేషన్ చేయించి ఫిబ్రవరిలో తిరుగు టికెట్ కొనడం సరైన లెక్క. గ్రీన్‌కార్డు ఉన్నవారు పౌరసత్వానికి ఎదురుచూస్తుంటే, ఆరు నెలలు దాటి బయట ఉండకుండా చూసుకోవాలి. ఈ లెక్కలో ఆ గడువు దాటదు.

అందువల్ల నా నిర్ణయం ఇద్దరికీ ఒకటి కాదు. అక్కడ ఉద్యోగం చేస్తూ, సొంత బీమా ఉండి, ఇంట్లో భర్తో భార్యో సెలవు పెట్టగలిగిన వారికి అమెరికాయే మేలు. డిడక్టిబుల్ తీరిపోయి ఉంటే ఆపరేషన్‌ను డిసెంబరు మధ్యకు కాక నవంబరు మొదటి వారాలకు జరుపుకుంటే, ఫిజియోథెరపీలో అధిక భాగం అదే సంవత్సరంలో పూర్తవుతుంది, పండుగ సెలవులు ఆరో వారానికి వచ్చి పడతాయి. పిల్లలు పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చే ఇంట్లో ఒంటరిగా ఉండే తల్లిదండ్రులకు, ముఖ్యంగా 65 ఏళ్లు దాటినా గ్రీన్‌కార్డుతో వరుసగా ఐదేళ్లు నిండక మెడికేర్, అంటే పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, అందని వారికి, నల్లగొండే మేలని నేను నిస్సంకోచంగా చెప్తాను. అప్పుడు కూడా పిల్లలందరూ ఒకేసారి రావడం కంటే, ఆపరేషన్‌కు ఒకరు, మూడో వారానికి మరొకరు వంతులు వేసుకుని రావడం అవసరం.

తిరిగి అమెరికా వెళ్లే ముందు ఆసుపత్రి నుండి డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రేలు, ఇంప్లాంటు డబ్బా మీది స్టిక్కర్ అతికించిన కాగితం అడిగి తీసుకోవాలి. విమానాశ్రయంలో మెటల్ డిటెక్టర్ మోగితే చేతితో తనిఖీ చేస్తారు కాబట్టి, మోకాలిలో లోహం ఉందని యంత్రం దగ్గరికి వెళ్లకముందే చెప్పాలి. స్టిక్కర్ మీద కీలు కంపెనీ, కొలత, నంబరు ఉంటాయి. పదిహేనేళ్ల తర్వాత ఏ దేశంలోనైనా ఆ కీలును మళ్లీ సరిచేయవలసి వస్తే డాక్టరు మొదట అడిగే కాగితం అదే.