పొణికి కర్ర, అంకుడు కర్ర, మధ్యలో నా లాప్‌టాప్

ముందే చెప్పేస్తున్నా, కొండపల్లి ఖిల్లా చూసి నాలుగు బొమ్మలు కొనుక్కొచ్చే ప్రయాణం కాదిది. నేను బీఎఫ్ఏలో శిల్పకళ మూడో ఏడు. పగలు మట్టి, రాత్రి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకి ఒక తోపుడు బొమ్మ చెయ్యాలి: చక్రాలు తిరుగుతుంటే రెక్కలాడించే చిలక. స్క్రీన్ మీద అది భలేగా ఆడింది. త్రీడీ ప్రింట్ తీశాక కూడా ఫరవాలేదు. కర్రతో చేద్దామని కూర్చుంటే మాత్రం ముక్కు మూడుసార్లు విరిగింది. మా మాస్టారు విరిగిన మూడు ముక్కుల్నీ బల్ల మీద వరసగా పేర్చి, "నన్నడిగితే లాభం లేదు. కొండపల్లి వెళ్లు, అట్నుంచటే ఏటికొప్పాక కూడా వెళ్లు" అన్నారు. ఆ రెండు బొమ్మల ఊళ్లూ తొమ్మిది రోజులు తిరిగొచ్చాను.

బయల్దేరే ముందు హైదరాబాద్‌లో ఒక డబ్బు దండగ పని చేశాను. డిజిటల్ మోడలింగ్, ప్రింటింగ్ రెండు రోజుల్లో నేర్పిస్తామన్న వర్క్‌షాప్‌లో 4,500 కట్టి చేరాను. పధ్నాలుగు మందికి రెండు ప్రింటర్లు. నా చిలక ప్రింటుకి పదకొండు గంటలు పడుతుందని చూపించింది. రాత్రికి వదిలేసి వెళ్తే తెల్లారేసరికి చిలక లేదు, సేమియా ముద్ద ఉంది. మళ్లీ తీయడానికి వంతు రాలేదు, డబ్బు వాపసూ రాలేదు. బ్లెండర్ 2002 నుంచీ అందరికీ ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్. ఇంట్లో కూర్చుని నేర్చుకుని, ఫైలు మాత్రం ప్రింట్ తీసిచ్చే వాళ్లకి పంపితే ఇందులో పావు వంతుతో అయిపోయేది.

విజయవాడలో బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. రోజుకి 900, ఏసీ లేదు, నీళ్లకి లోటు లేదు. గదిలో ఒకే ప్లగ్ పాయింట్, అదీ బాత్‌రూం తలుపు పక్కన. లాప్‌టాప్‌తో వెళ్లేవాళ్లు ఎక్స్‌టెన్షన్ బాక్స్ పట్టుకెళ్లండి. కొండపల్లిలో రాత్రి బస వెతకడం కంటే విజయవాడలో ఉండి రోజూ వెళ్లి రావడమే సుఖం. సుమారు 20 కిలోమీటర్లు, ఇబ్రహీంపట్నం మీదుగా బస్సులు తరచుగానే ఉంటాయి. ఆడవాళ్లకి టికెట్ లేదని ధీమాగా ఎక్కి ఆధార్ చూపించాను. కండక్టర్ చూసి, "ఇది తెలంగాణదమ్మా, టికెట్ తీసుకోవాలి" అన్నాడు. మన ఫ్రీ బస్సు అక్కడికి రాదు, వాళ్లది మనకి రాదు.

కొండపల్లిలో బొమ్మల కాలనీ అంటే ఎవరైనా చూపిస్తారు. వరసగా షాపులుంటాయి, వాటి వెనకో పక్కనో వాకిట్లో పని నడుస్తుంటుంది. మొదటి రోజు పొరపాటు చేశాను. ముందున్న పెద్ద షాపుల్లో నిలబడి ప్రశ్నలు వేశాను. అక్కడుండేది అమ్మేవాళ్లు. నా ప్రశ్నలకి విసుక్కోలేదు గానీ, జవాబులన్నీ ధర దగ్గరికే వచ్చి ఆగేవి. రెండో రోజు కాలనీ లోపలికి వెళ్లి, చెక్కుతున్న ఒక పెద్దాయన ఇంటి ముందు కూర్చున్నాను. ఆయన చెక్కుతాడు, వాళ్లావిడ రంగులు వేస్తుంది. నేర్పినందుకు రోజుకి ఐదొందలు ఇస్తానని నేనే అన్నాను. "ముందు కూర్చో, నేర్చుకుంటే కదా" అన్నాడు బాబాయ్. చివరి రోజు తీసుకున్నాడు, అందులోంచి వంద తీసి ఒక చిన్న ఎడ్లబండి కింద లెక్కకట్టి నా చేతిలో పెట్టాడు.

నా చిలకని లాప్‌టాప్‌లో తిప్పి చూపించాను. రెండు చుట్లు చూసి, "అంతా ఒకే దుంగలో తీస్తావా?" అని అడిగాడు. అవునన్నాను. నవ్వాడు. తర్వాత చెప్పిన దాంట్లోనే నా ప్రయాణ ఖర్చు మొత్తం తీరిపోయింది. తెల్ల పొణికి బరువు లేని మెత్తని కర్ర. ముందు సన్నటి సెగ మీద తేమంతా పోయేదాకా ఆరబెడతారు. ఎంత ఆరినా కర్రకి ఒక వాటం ఉంటుంది, అంటే లోపలి నారలు సాగే దిక్కు. వాటం వెంట నిలువుగా ఉన్న సన్నటి ముక్క నిలబడుతుంది, అడ్డంగా ఉన్నది టప్పున విరుగుతుంది. నా చిలకలో ఒళ్లు నిలువు, ముక్కు అడ్డం. ఒకే దుంగలో తీస్తే రెంటికీ వాటం కుదరదు. అందుకే కొండపల్లి బొమ్మలో కాళ్లు, చేతులు, తొండం, గొడుగు అన్నీ దేనికది చెక్కి తర్వాత అతుకుతారు. అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు. ఆరాక ఆకురాయితో సాపు చేసి, సుద్ద పూసి, దాని మీద రంగు. ఎక్కడ అతికారో కనిపెట్టమని నాకు ఏనుగు అంబారీ ఇచ్చాడు. మూడు చోట్లు చెప్పాను. పదకొండున్నాయట.

ఇన్నాళ్లూ బ్లెండర్‌లో నేను చేస్తున్నది దీనికి సరిగ్గా తిరగేసిన పని. వేరువేరు భాగాలు చేసి చివర్లో బూలియన్ అనే ఆప్షన్‌తో ఒకే ముద్దగా కలిపేసేదాన్ని, అలాగైతేనే ప్రింటర్‌కి సుఖం. ఇక్కడ ముద్దని విడగొట్టడం నేర్చుకోవాల్సొచ్చింది. ఆ రాత్రి లాడ్జిలో చిలకని తొమ్మిది ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద కర్ర వాటం ఎటో బాణం గుర్తు పెట్టాను. మర్నాడు చూపిస్తే బాబాయ్ ఒక్క బాణం మార్చాడు: రెక్కది. రెక్క ఊగేది గనక బలం మధ్యలో కాదు, కీలు దగ్గర కావాలన్నాడు.

చెక్కడం నాకొచ్చిందని చెప్పను. బాడిశ పట్టుకోవడానికే ఒక పూట పట్టింది. నాలుగు రోజుల్లో పనికొచ్చే ముక్కు ఒకటి, పనికిరానివి ఆరు చేశాను. బాబాయ్ వాళ్లావిడ, పిన్ని దగ్గర మేక వెంట్రుకల కుంచెతో కన్ను దిద్దడం కొంచెం పట్టుబడింది, బహుశా బొమ్మలేసే చెయ్యి కాబట్టి.

ఒక సాయంత్రం ఖిల్లా ఎక్కాను. రెడ్డిరాజుల కాలం నాటిది, పైనుంచి ఊరు బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం ఎక్కకండి, అంతే.

స్కానింగ్ సంగతి చదువుతున్నవాళ్లలో నాలాంటి వాళ్ల కోసం. ఫోన్‌తో బొమ్మ చుట్టూ డెబ్బై ఎనభై ఫొటోలు తీసి మెష్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే త్రీడీ మోడల్ వస్తుంది. బొమ్మ కింద న్యూస్‌పేపర్ పరిచి, బొమ్మని కదపకుండా నేనే చుట్టూ తిరిగాను. ఆ అక్షరాలు సాఫ్ట్‌వేర్‌కి ఆనవాళ్లుగా పనికొస్తాయి. మెరుపు లేని రంగు వేసిన ఎడ్లబండి ఎద్దు గంగడోలు ముడతలతో సహా వచ్చేసింది. ఎనామిల్ వేసినవి అంత బాగా రావు. ఫొటోలకి ముందు అడగండి. బాబాయ్ నన్ను ఆపలేదు గానీ, "తీసుకో, చదువుకో. అచ్చు పోసి అమ్మితే మాత్రం నా కడుపు మీద కొట్టినట్టే" అన్నాడు. ఆ ఫైళ్లు నా హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి, ఎక్కడా పెట్టలేదు. చాలామంది అడిగారు కూడా.

విజయవాడ నుంచి విశాఖ వైపు రైల్లో వెళ్లి నర్సీపట్నం రోడ్‌లో దిగాను. స్టేషన్ పేరు చూసి నర్సీపట్నం పక్కనే ఉంటుందనుకోకండి, ఆ ఊరు చాలా దూరం. ఏటికొప్పాకకి మాత్రం ఇదే దగ్గర, బయటే ఆటోలుంటాయి. బస ఎలమంచిలిలో. గది 700, శుభ్రం విజయవాడ కంటే మేలు. ఒంటరిగా వచ్చిన అమ్మాయినని రిసెప్షన్‌లో నాన్నకి ఫోన్ చేసి మాట్లాడాకే తాళం ఇచ్చారు. కోపం వచ్చింది. ఆ రాత్రి కరెంటు పోతే అదే మనిషి ఎమర్జెన్సీ లైటు తెచ్చిచ్చాడు, కోపం సగానికి తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది.

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఊరు. ఇక్కడ కర్ర అంకుడు, పని లేత్ (కర్రని గిర్రున తిప్పే యంత్రం) మీద, పూత లక్క. లక్కపిడతలతో ఆడుకున్నవాళ్లకి ఈ ఊరు తెలియకపోయినా ఈ ఊరి చేతులు తెలుసు. ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీలో ఊరేగినవీ ఇవే. చెట్ల రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పసుపు రంగుకి పసుపే, నారింజకి జాఫ్రా గింజలు, నీలికి నీలిమందు, పసుపులో నీలి కలిపితే ఆకుపచ్చ. లక్కని వేడిచేసి రంగు కలిపి, జీడి లాగినట్టు లాగి లాగి మడతపెట్టి కడ్డీలు చేస్తారు. తిరుగుతున్న కర్రకి ఆ కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అదిమితే అద్దంలా మెరుపు. చూస్తుంటే పది సెకన్ల పని. నేను చేస్తే లక్క ఉండలు కట్టి చిరుతపులి మచ్చల్లా వచ్చింది.

ఇక్కడికి నేను కొంచెం గర్వంగానే వెళ్లాను. బ్లెండర్‌లో సగం గీత గీసి స్క్రూ మాడిఫయర్ పెడితే ఆ గీత ఇరుసు చుట్టూ తిరిగి గిన్నె అయిపోతుంది. లేత్ పనంటే అదే కదా అనుకున్నాను. చిన్న మూతి, పెద్ద పొట్ట ఉన్న భరిణె ఒకటి గీసుకుని తీసుకెళ్లాను. లేత్ దగ్గరున్న ఆయన చూసి, "ఏటమ్మా, బొమ్మ గీసేసినావు గానీ, ఉలి లోనికెలాగెల్తాదో చూసుకున్నావేటి?" అన్నాడు. చూసుకోలేదు. స్క్రీన్ మీద పొట్టలోకి ఏ ఉలీ వెళ్లనక్కర్లేదు. ఆయన దాన్ని పొట్ట దగ్గరే రెండుగా విడదీసి, పై సగాన్ని మూతగా మార్చి, ఆ అతుకు మీద రెండు రంగుల గీతలు వేశాడు. అవి అలంకారం కోసమని చిన్నప్పట్నుంచీ అనుకుంటున్నాను!

చిలక రెక్కల సంగతి తేలింది కూడా ఇక్కడే. ఇరుసు మీద గుండ్రటి బిళ్ల ఉండాలి, దాని కన్నం మాత్రం నడిమధ్యలో కాకుండా పక్కకి ఉండాలి. అప్పుడే అది తిరిగినప్పుడల్లా రెక్కని పైకెత్తి దించుతుంది. ప్లాస్టిక్ ప్రింటులో ఇరుసుకీ కన్నానికీ మధ్య 0.3 మిల్లీమీటర్ల సందు వదిలితే చాలింది. కర్రకి ఆ లెక్క చెల్లదు, వానాకాలం ఉబ్బుతుంది. ఆయన ఇరుసుని కాస్త వదులుగానే తీశాడు. తిరగాల్సిన చోట అలాగే వదిలేసి, చక్రం బిగిసి కూర్చోవాల్సిన చివరన మాత్రం లక్క పొర పట్టించాడు. జిగురు లేదు, మేకు లేదు. కొలతల కోసం పట్టుకెళ్లిన వెర్నియర్ కాలిపర్స్ బ్యాగులోంచి తీయకుండానే వెనక్కి తెచ్చాను.

లక్క బొమ్మల స్కానింగ్ మాత్రం ఘోరంగా పోయింది. మనం కదిలినప్పుడల్లా మెరుపూ కదులుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్నే ఆకారం అనుకుంటుంది. మోడల్ కరిగిన ఐస్‌క్రీంలా వచ్చింది. కొనుక్కున్న బొంగరం మీద టాల్కం పౌడర్ అద్ది తీస్తే కుదిరింది. వాళ్ల బొమ్మల మీద పౌడర్ చల్లే ధైర్యం నాకు లేదు.

ఇంకొకటి. బొమ్మలు చేసి అమ్మాలన్న ఆలోచనుంటే 2021 జనవరి నుంచీ మన దేశంలో బొమ్మలకి బీఐఎస్ నాణ్యతా గుర్తు తప్పనిసరి. హస్తకళల శాఖలో నమోదైన కళాకారులకీ, భౌగోళిక గుర్తింపు కింద నమోదైన వాళ్లకీ మినహాయింపు ఉంది. నాలాంటి విద్యార్థికి లేదు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో ఏ ముక్కైనా గొంతులో అడ్డం పడుతుందా అని చూసే ఒక చిన్న గొట్టం ఉంటుంది, లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పట్టిన ముక్క పనికిరాదు. దాన్ని ప్రింట్ తీసి వెంట తీసుకెళ్లాను. నా చిలక చక్రం పట్టలేదు, బతికిపోయాను. కన్ను పూస పట్టేసింది. ఇప్పుడు కన్ను పూస కాదు, రంగు చుక్క. పిన్ని నేర్పిన కన్ను.

ఎన్ని రోజులు పెట్టుకోవాలని అడిగితే, కొండపల్లికి నాలుగు చాలవు, ఏటికొప్పాకకి మూడు సరిపోతాయి. మనిషి, జంతువు లాంటి రూపాలు చేసేవాళ్లు ముందు కొండపల్లి వెళ్లండి. చక్రాలు, కీళ్లు, కదలికలు కావాలంటే ఏటికొప్పాక. సంక్రాంతికి ముందు మాత్రం వద్దు, బొమ్మల కొలువుల ఆర్డర్లతో తల ఎత్తే తీరిక ఎవరికీ ఉండదు. నాకైన ఖర్చులో మూడొంతుల్లో ఒకటి బొమ్మలు కొనడానికే.

తిరుగు ప్రయాణంలో బొమ్మలన్నీ పార్శిల్ వేశాను, అదో తప్పు. "జాగ్రత్త" అని నాలుగు పక్కలా రాసిన పెట్టె మూల నలిగి వచ్చింది. ఎడ్లబండి ఎద్దు కొమ్ము ఊడింది. ఫోన్ చేస్తే బాబాయ్, "చింతగింజలు వేయించి పొడి కొట్టు, మిగతాది నేను చెప్తా" అన్నాడు. రెండుసార్లు మాడ్చాను. మూడోసారి కలిపిన మక్కు ఇప్పుడు కిటికీ దగ్గర ఆరుతోంది, కొమ్ము కొంచెం ఎడమకి వాలింది.