పది తర్వాత పాలిటెక్నిక్కా, ఇంటర్–బీటెక్కా? లెక్క వేసి చూస్తే ఏది మేలు

పదో తరగతి ఫలితాలొచ్చాక నన్ను అందరూ అడిగే మాట ఒకటే: "ఏటి చదివిస్తే మంచిదంటారు మాస్టారూ?" శ్రీకాకుళం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఒకప్పుడు నాకు తోచింది చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు జనవరిలోనే పిల్లల చేత లెక్క వేయిస్తున్నాను. పదో తరగతిలో చదివే శ్రేఢులు, సగటు, మధ్యగతం ఇందుకు చాలు.

ముందు ఒక్కొక్కరూ తెలిసినవాళ్లలో పది మందిని కలవాలి. ఏం చదివారు, చదువయ్యాక ఎన్నాళ్లకు పని దొరికింది, ఇప్పుడు చేతికెంత వస్తోంది అని మూడే ప్రశ్నలు. ఒక జాబితా ఇలా ఉందనుకుందాం, వేలల్లో: 12, 12, 14, 15, 15, 16, 18, 18, 20, 160. సగటు 30 వేలు. కానీ పది మందిలో తొమ్మిది మందికి 20 వేలు దాటలేదు! మధ్యగతం, అంటే వరసలో నడిమి విలువ, పదిహేనున్నర వేలే. బెంగళూరులో ఉన్న ఆ ఒక్కరి జీతం సగటును అంత పైకి లాగేసింది. కాలేజీల వాళ్లు 'ప్యాకేజీ' అన్నప్పుడు అది సగటా, మధ్యగతమా, ఒక్కరికి వచ్చిందా అని అడగడం పిల్లలకు ఇక్కడే అలవాటవుతుంది.

ఇక రెండు దారులు. అంకెలు ఉదాహరణకే, ఎవరి జాబితాను బట్టి వాళ్లు మార్చుకోవాలి. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, మొత్తం ఖర్చు 60 వేలు, మొదటి జీతం నెలకు 15 వేలు, ఏటా నెలజీతంలో 1,500 పెరుగుదల. ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్లు, ఖర్చు 4 లక్షలు, మొదటి జీతం 25 వేలు, ఏటా 3 వేల పెరుగుదల. ఏటా ఒకే మొత్తం చొప్పున పెరిగే ఇవి అంకశ్రేఢులే కాబట్టి n పదాల మొత్తం సూత్రంతో ఏ ఏటికాయేడు చేతిలో మిగిలింది ఎంతో కట్టవచ్చు. పది పాసై పదేళ్లయ్యేసరికి డిప్లొమా వాళ్లకు 15.78 లక్షలు, బీటెక్ వాళ్లకు 10.16 లక్షలు. పద్నాలుగో ఏట బీటెక్ ముందుకొస్తుంది: 30.08 లక్షలు, అవతల 29.1. అంటే సుమారు ముప్పై ఏళ్ల వయసుకు.

గ్రాఫు కాగితం మీద డిప్లొమాకు నీలం గీత, బీటెక్‌కు ఎర్ర గీత గీయిస్తాను. రెండూ కలిసే చోట పిల్లలు చుక్క పెడతారు. తర్వాత ఒక్క అంకె మారుస్తాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి బీటెక్ ఖర్చు ఒకటిన్నర లక్షకు తగ్గిందనుకుంటే, ఆ చుక్క ఒక్క ఏడాదే ముందుగా, పదమూడో ఏటికి వస్తుంది. అదే బీటెక్ అయ్యాక ఉద్యోగం లేకుండా రెండేళ్లు గడిస్తే? చుక్క ఇరవయ్యో ఏటికి పోతుంది. ఖాళీ రెండేళ్లకు వెనకబడేది ఆరేళ్లు. మన ఇళ్లలో టెన్షన్ అంతా ఫీజు గురించే. చదువయ్యాక కోచింగుల్లో గడిచే ఏళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అందుకే రెండో ప్రశ్నను వదలొద్దని పిల్లలకు పదే పదే చెబుతాను.

ఇక నా అభిప్రాయం. ఇంట్లో ఇబ్బంది ఉండి, చేత్తో చేసే పని మీద ఇష్టమున్న పిల్లలకు పాలిటెక్నికే మేలు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మూడూ మూడూ ఆరు, రెండూ నాలుగూ ఆరు. ఏళ్లు అవే, కానీ మధ్యలో చేతికొక పట్టా ఉంటుంది, అవసరమైతే అక్కడే ఆగి పనిలో చేరవచ్చు. రైల్వేలో జూనియర్ ఇంజినీరు పరీక్షకూ ఆ డిప్లొమా పనికొస్తుంది. లోపం కూడా ఉంది: పదిహేనేళ్లకే బ్రాంచి ఎంచుకోవాలి. ఏది ఇష్టమో ఇంకా తేలని పిల్లకు, డాక్టరో డిగ్రీ తర్వాత టీచరో కావాలనుకునే పిల్లకు ఇంటరే సరైనది. పదిలో మంచి మార్కులతో ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో (ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు) సీటొస్తే ఈ పోలిక పక్కన పెట్టి చేరిపొమ్మంటాను. తొందరగా సంపాదన కావాలంటే ఐటీఐ ఉంది. వెల్డరు ఒక ఏడాది, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు.

కాగితం మీద రాని సంగతులూ ఉన్నాయి. హైదరాబాద్‌లో 25 వేల జీతంలోంచి హాస్టలు, తిండి తీసేస్తే ఎంత మిగులుతుంది? ఇంట్లోంచే పైడిభీమవరం ఫ్యాక్టరీకి వెళ్లొస్తే 15 వేలల్లో ఎంత మిగులుతుంది? నిరుడు ఒకమ్మాయి ఈ రెండు వరసలూ తనే చేర్చింది. పక్కన నైట్ షిఫ్టులకు మరో గడి గీసి, "ఇది అమ్మతో మాట్లాడి నింపుతాను మాస్టారూ" అంది.

తర్వాత వాళ్ల నాన్నను తీసుకొచ్చింది. ఆయన కాగితాన్ని చాలాసేపు చూసి, "రెండేళ్లు ఖాళీగా ఉంటారని ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాడు.

"నేను కలిసిన పది మందిలో ఆరుగురు చెప్పారు నాన్నా."

ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పాలిటెక్నిక్ దరఖాస్తుకు ఆఖరు తేదీ ఎప్పుడని నన్ను అడిగాడు.