వాక్యం మొదట్లో పెద్దక్షరం కంప్యూటరే వేస్తుంది, మరి మిగతావి?

తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు ఒక డీటీపీ సెంటరులో చాలా ఏళ్లుగా ఇంగ్లీషు టైపు చేస్తున్నాను. ఎస్వీ యూనివర్సిటీ దగ్గరే కాబట్టి మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా థీసిస్‌లు, ప్రాజెక్టు రిపోర్టులే. టైపు సాఫ్ట్‌వేర్‌లో క్యాపిటల్ అక్షరాలను తనంతట తానే సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది, ఆటో కరెక్ట్ అంటాం. ఇన్నాళ్లు వాడాక దాని మీద నా అభిప్రాయం చెబుతాను. టైపు చేసేవాళ్లకు అది మంచి పనిముట్టు, నేర్చుకునేవాళ్లకు చెడ్డ పంతులు.

ముందు మంచి చెప్పాలి. ఫుల్‌స్టాప్ తర్వాతి మాటకు పెద్దక్షరం వేస్తుంది. 'నేను' అనే అర్థంలో ఒంటరిగా వచ్చే 'ఐ'ని పెద్దది చేస్తుంది. వారాల పేర్లను సరిచేస్తుంది. వేలు షిఫ్ట్ మీద నుంచి ఆలస్యంగా లేచి మాట మొదట్లో రెండు పెద్దక్షరాలు పడితే రెండోదాన్ని దించుతుంది. రోజుకు వందల పేజీలు కొట్టే చోట ఈ చిన్న సాయమే కొండంత. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి అన్న తేడాయే లేదు కాబట్టి తెలుగుకు అలవాటుపడిన చేతికి మొదట తప్పేవి కూడా ఇవే.

అయితే దానికి కనబడేది ఫుల్‌స్టాప్ ఒక్కటే. అది వాక్యం ముగింపో, మాటను కుదించినందుకు పెట్టిన చుక్కో దానికి అక్కరలేదు. ఇంగ్లీషులో బాగా వాడుకలో ఉన్న సంక్షిప్తాల జాబితా ఒకటి దాని దగ్గర ఉంటుంది గానీ, చిరునామాల్లో జిల్లాకు మనం రాసే 'డీటీ' చుక్క అందులో ఎందుకుంటుంది? దాని తర్వాత 'అండ్' కొడితే పెద్ద 'ఏ' వచ్చి కూర్చుంటుంది. మినహాయింపుల జాబితాలో మనమే ఒకసారి చేర్చుకుంటే ఆ పీడ వదులుతుంది. నెలల సంగతి ఇంకో రకం. మే, మార్చి అన్న మాటలకు ఇంగ్లీషులో వేరే మామూలు అర్థాలు కూడా ఉన్నాయి. అందుకే వాటిని ముట్టుకోదు, మనమే చూసుకోవాలి.

అసలు కష్టం అర్థాన్ని బట్టి మారే చోట్ల వస్తుంది. స్వర్ణముఖి రివర్ అని పేరుతో కలిపి రాస్తే 'ఆర్' పెద్దది, ఉత్తినే నది అంటే చిన్నది. అమ్మను మదర్ అని పేరులా పిలిస్తే పెద్ద 'ఎం', 'మా అమ్మ' అన్నప్పుడు చిన్నది. తెలుగు, ఇంగ్లీషు అనే భాషల పేర్లకు పెద్దక్షరం తప్పదు, ఫిజిక్స్‌కు మాత్రం వాక్యం మధ్యలో అవసరం లేదు. సౌత్ ఇండియా అన్నప్పుడు 'ఎస్' పెద్దది, ఊరికి దక్షిణాన అంటే చిన్నది. నెలలకు పెద్దక్షరం ఉంది, ఎండాకాలానికి, వానాకాలానికి లేదు. ఇక లడ్డూ. మా ఊళ్లో దాన్ని చిన్న 'ఎల్'తో రాయడానికి ఎవరికీ మనసొప్పదు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన పేరుగా 'తిరుపతి లడ్డూ'లో రెండు మాటలకూ పెద్దక్షరం సబబే. క్యూలో నిలబడి రెండు లడ్డూలు తెచ్చుకున్నామంటే అవి చిన్న 'ఎల్' లడ్డూలే. భక్తి వేరు, వ్యాకరణం వేరు.

సైన్సు థీసిస్‌లు వచ్చినప్పుడు ఈ సాయం కాస్తా అపాయమవుతుంది. మాకు దగ్గర్లోని గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది, అది పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద. ఆ ప్రమాణం గుర్తులో 'ఎం', 'హెచ్' పెద్దవి, 'జెడ్' చిన్నది. 'ఎం' చిన్నదైతే అది మిల్లీహెర్ట్జ్, తేడా వంద కోట్ల రెట్లు. షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే ఎంచుకున్న భాగమంతా చిన్నక్షరాలకో పెద్దక్షరాలకో మారిపోతుంది కదా, ఆ మార్పుల్లో ఏ ఒక్కటీ ఈ గుర్తును సరిగా ఉంచదు. ప్రమాణాల్లో ఇంకో తిరకాసు ఉంది. న్యూటన్ అని పూర్తిగా రాస్తే, శాస్త్రవేత్త పేరే అయినా, చిన్న 'ఎన్'. గుర్తుగా రాస్తే పెద్దది. డిగ్రీ సెల్సియస్‌లో మాత్రం పూర్తిగా రాసినా 'సి' పెద్దదే.

వృక్షశాస్త్రం వాళ్లది మరీ ముచ్చట. ఎర్రచందనం శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలినస్. మొదటి మాటకు పెద్దక్షరం, రెండోదానికి చిన్నది. ఈ పద్ధతి ఎంత గట్టిదంటే, తిరుమల కొండల మీద కనిపించే సైకస్ బెడ్డోమి పేరులో బెడ్డోమి అన్నది మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోమ్ పేరు మీద పెట్టినదే అయినా, 'బి' చిన్నదే. మనిషి పేరుకు పెద్దక్షరం అన్న బడి సూత్రం ఇక్కడ చెల్లదు. శీర్షికలో ఒక అమ్మాయి దాన్ని పెద్ద 'బి'తో తెచ్చింది. ఎందుకమ్మా అంటే, "నేను వేయలేదక్కా, కంప్యూటరే వేసింది" అంది. ప్రతి మాటకూ పెద్దక్షరం వేసే మీట నొక్కి వదిలేసిందన్నమాట. కంప్యూటరుకు బెడ్డోమ్ తెలియదు, సైకసూ తెలియదు.

ఆ మీట శీర్షికల్లో 'ఆఫ్', 'ది', 'అండ్' లాంటి చిన్న మాటలను కూడా వదలదు. మధ్యలో వచ్చే అలాంటి వాటిని చిన్నక్షరంతోనే ఉంచాలి. ఎడ్యుకేషన్, సైకాలజీ విభాగాలు అడిగే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో నాలుగక్షరాలు, ఆపైన ఉన్న మాటలన్నిటికీ పెద్దక్షరం పడాలి. అదే థీసిస్ చివర వ్యాసాల జాబితాకు వచ్చేసరికి రివాజు మారిపోతుంది: వ్యాసం పేరులో మొదటి మాటకు, కోలన్ తర్వాతి మాటకు, పేర్లకు తప్ప దేనికీ పెద్దక్షరం లేదు. ఒకే పేరును రెండు చోట్ల రెండు రకాలుగా రాయాలని చెబితే, వాదించకుండా ఒప్పుకున్న విద్యార్థి ఇంతవరకు నాకు తగల్లేదు.

మరి గొడవెందుకని శీర్షికలన్నీ పూర్తిగా క్యాపిటల్స్‌లో కొట్టేసేవాళ్లున్నారు. వద్దంటాను. పూర్తి క్యాపిటల్స్‌లో ఉన్న మాటలను వదిలేసే ఎంపిక ఆన్‌లో ఉంటే, స్పెల్లింగ్ తనిఖీ వాటిని చూడకుండా దాటేస్తుంది. అధ్యాయం పేరులోనే తప్పు ఉన్నా కింద ఎర్రగీత పడదు, బైండింగ్ అయ్యాక గైడు సారు కంట పడుతుంది.

కొనదగ్గదేనా అని అడిగితే, ఇది సాఫ్ట్‌వేర్‌తో పాటే వస్తుంది, విడిగా పైసా ఖర్చు లేదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు మాత్రం వాక్యం మొదటి అక్షరాన్ని మార్చే ఎంపికను కొన్నాళ్లు ఆపేసి, షిఫ్ట్ తామే నొక్కడం మంచిది. ఎక్కడ నొక్కాలో ఆలోచించాల్సి వచ్చినప్పుడే సూత్రం తలకెక్కుతుంది. ఉత్తరం చివర 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ'లో మొదటి మాటకే పెద్దక్షరమన్నది చేత్తో పదిసార్లు కొట్టినవాళ్లు మరచిపోరు. లెక్కల థీసిస్ అయితే 'ఐ'ని పెద్దది చేసే ఎంపికను కూడా తీసేయండి, సమీకరణాల కింద వివరణలో చిన్న 'ఐ' అడుగడుగునా వస్తుంది. రెండు పెద్దక్షరాలు పడితే ఒకటి దించే ఎంపికను మాత్రం నేను ఏ థీసిస్‌కూ ఆపలేదు.