1/20 లోటస్ 72డి కిట్: ఫోటోలో ఉన్న సస్పెన్షన్ పెట్టెలో రాదు

అసలు విషయం ముందే చెప్పేస్తాను. 1/20 స్కేల్లో లోటస్ 72డి అనే పాత ఫార్ములా వన్ రేసు కారు రెసిన్ కిట్ (భాగాలు మనమే అతికించుకునే మోడల్) కొనబోతుంటే, ప్రకటనలో పూర్తయిన కారు ఫోటో చూసి డబ్బు కట్టకండి. సస్పెన్షన్ భాగాలను ప్యాకెట్లోంచి బయటికి తీసి, విడిగా ఫోటో పంపమని అడగండి. సాకులు చెబితే అక్కడితో వదిలేయండి. నేను అడగలేదు. దానికి నాలుగు నెలల సెలవు రోజులు పోయాయి.

ఆ ప్రకటన ఫోటో చూస్తే ఎవరైనా పడిపోతారు. నల్ల బాడీ, బంగారు గీతలు, 1972లో డ్రైవర్ ఫిట్టిపాల్డీ ప్రపంచ ఛాంపియన్ అయిన కారు. ముందు చక్రానికీ బాడీకీ మధ్య సన్నటి కడ్డీలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. ఈ కారు మోడల్ చెయ్యడం కష్టమయ్యేదే అక్కడ. 72లో బ్రేక్ డిస్కులు చక్రాల్లో ఉండవు, బాడీ లోపలికి ఉంటాయి. చక్రం నుంచి డిస్కుకు ఒక షాఫ్ట్ వెళ్తుంది. డ్యాంపర్ (కుదుపును అణిచే షాక్ అబ్జార్బర్) చుట్టూ కాయిల్ స్ప్రింగ్ కూడా ఉండదు. లోటస్ అధిపతి చాప్‌మన్, డిజైనర్ ఫిలిప్ కలిసి దీనికి టోర్షన్ బార్లు పెట్టారు: గొట్టం, దాని లోపల కడ్డీ, రెండూ మెలితిరిగి స్ప్రింగ్ పని చేస్తాయి. కాబట్టి చక్రం దగ్గర అంతా బోసిగా, సన్నగా ఉంటుంది. కప్పిపుచ్చడానికి పైన ఏమీ ఉండదు.

పెట్టె తెరిస్తే మొదట కంటపడింది లావుపాటి కాయిల్ స్ప్రింగ్. డ్యాంపర్‌తో కలిపి వైట్ మెటల్లో (తక్కువ వేడికే కరిగే మెత్తటి లోహం) పోత పోసి ఉంది, నాలుగు చక్రాలకూ నాలుగు. వేరే కారు ప్యాకెట్ పొరపాటున పడిందేమో అనుకున్నాను. సూచనల కాగితం చూస్తే బొమ్మలో కూడా అవే. ఇక ముందు బ్రేక్ షాఫ్టులు అసలు లేనే లేవు. 1970 సెప్టెంబర్‌లో ఇటలీలోని మోంజా ట్రాక్ మీద ప్రాక్టీస్‌లో లోటస్ డ్రైవర్ యోఖెన్ రింట్ చనిపోయినప్పుడు విరిగింది కుడివైపు ముందు బ్రేక్ షాఫ్టే. ఈ కారు గురించి రెండు పేజీలు చదివినవాడికైనా తెలిసే సంగతి. చరిత్ర అంటూ పెట్టెలో ఒక కరపత్రం పెట్టినవాళ్లు భాగం పెట్టడం మరిచారు.

విష్‌బోన్లు, అంటే చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే V ఆకారపు చేతులు, ఇచ్చారు, ఇచ్చినట్టే. అచ్చు రెండు సగాలు పక్కకు జరిగి, ప్రతి కడ్డీకీ పొడవునా మెట్టు. ఆ మెట్టు అరగదీస్తే కడ్డీ మిగలదు. ఎడమదానికీ కుడిదానికీ పొడవులో దాదాపు 2 మి.మీ. తేడా. అయినా మొండిగా బిగించి, నాలుగు చక్రాల మీద రాత్రంతా నిలబెట్టాను. పొద్దున్నే చూస్తే ముందు భాగం మోకాళ్ల మీద కూర్చున్న ఎద్దులా ఉంది. రెసిన్ బాడీ బరువు, మెత్తటి లోహం, ఇంకేమవుతుంది!

అప్పుడు అనుమానం వచ్చి కొలతలు తీసే వెర్నియర్ తీశాను. అసలు కారు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,540 మి.మీ., 1/20లో 127 రావాలి. బాడీలో అచ్చువేసి ఉన్న గుంతల ప్రకారం 124 వచ్చింది. ఎవరో చేసిన కిట్ నుంచి అచ్చు తీసి, దాన్నుంచి ఇంకో అచ్చు తీస్తే ఇలాగే కొంచెం కొంచెంగా కుంచించుకుపోతుంది. ఇది కూడా అలాంటి నకలే అని నా అనుమానం, రుజువు మాత్రం లేదు.

అమ్మినవాళ్లకు రాస్తే ప్యాకెట్లు చింపారు కాబట్టి వాపసు కుదరదన్నారు. చింపకుండా ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు.

ఇక ఇత్తడితో నేనే మొదలుపెట్టాను. డ్రాయింగును స్కేలుకు ప్రింట్ తీసి చెక్క మీద అంటించి, కడ్డీలు కదలకుండా గుండుసూదులు గుచ్చాను. విష్‌బోన్ చేతులకు 0.8 మి.మీ. కడ్డీ. చివర్లలో ఉండే కన్నాల కోసం సన్నటి ఇత్తడి గొట్టాన్ని బ్లేడు కింద దొర్లించి ముక్కలు కొయ్యాలి. లోపల ఒక తీగ దూర్చి కోస్తే గొట్టం నలగదు, ముక్క ఎగిరిపోకుండా తీగ మీదే ఉంటుంది. ఈ రెండో లాభం తెలిసేలోపు ఎన్ని ముక్కలు నేలపాలయ్యాయో లెక్కలేదు. అసలు టెన్షన్ సోల్డరింగ్‌లో. రెండో అతుకు పెట్టేటప్పుడు మొదటిది ఊడిపోతుంది. మొదటి అతుకు మీద తడి టిష్యూ ముక్క పెడితే వేడి అక్కడికి పాకదు. ఆ తడి కాగితం చుయ్‌మంటుంటే ఊపిరి బిగబట్టి రెండోది అంటించాలి. సరైన విష్‌బోన్ ఎనిమిదో ప్రయత్నంలో వచ్చింది. ఆ ఆనందంలో డ్యాంపర్ కొక్కేన్ని రెండింటికీ ఒకే వైపు అతికించాను, అంటే రెండూ ఎడమవే అయ్యాయి. ఆ తప్పు నాదే, కిట్‌ది కాదు.

ఎవరైనా ఆ వైట్ మెటల్ భాగాలనే సోల్డర్‌తో బలపరుద్దాం అనుకుంటే, మామూలు వేడి మీదున్న సోల్డరింగ్ ఐరన్ దాని దగ్గరికి తేకండి. రెప్పపాటులో బొట్టుగా కరిగిపోతుంది. 70 డిగ్రీలకు కరిగే సోల్డర్ వేరే ఉంటుంది, అది వాడాలి. వీల్‌బేస్ కోసం బాడీ కోసి అతకాల్సి వస్తే రెసిన్‌ను తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

న్యాయంగా చెప్పాలంటే డెకాల్స్ (బాడీ మీద అంటించే స్టిక్కర్లు) బాగున్నాయి, బంగారు గీతలు ముక్కు మీద చక్కగా కూర్చున్నాయి. టైర్లకూ వంక పెట్టలేను. సస్పెన్షన్ మొత్తం సొంతంగా చేసుకునే ఓపిక ఉండి, ఆ సంగతి తెలిసే కొంటే అది వేరు. లేకపోతే కొనేముందు అడగాల్సినవి మూడే: డ్యాంపర్ మీద స్ప్రింగ్ ఉందా, ముందు బ్రేక్ షాఫ్టులు ఉన్నాయా, వీల్‌బేస్ కొలిస్తే ఎంత వస్తోంది.

కారు పూర్తయ్యాక మళ్లీ ఆ ప్రకటన ఫోటో పెద్దది చేసి చూశాను. ఆ విష్‌బోన్ మూలలో పెయింట్ కింద చిన్న ఉబ్బు. ఎనిమిది సార్లు చేసిన చేతికి అదేమిటో చెప్పక్కర్లేదు, సోల్డర్ అతుకు. ఆ కారుకూ ఎవరో పాపం నాలాగే కూర్చుని కాళ్లు చేసిపెట్టారు.

పోయిన వారం అమ్మినవాళ్లకు చివరిసారిగా ఫిర్యాదు రాస్తూ, మీ భాగాలు ఇవీ, నేను చేసుకున్నవి ఇవీ అని రెండు ఫోటోలు పక్కపక్కన పంపాను. మర్నాడే జవాబొచ్చింది. చాలా బాగా కుదిరిందట, నా కారు ఫోటో ప్రకటనలో వాడుకోవచ్చా అని అడిగారు. కుదరదని చెప్పాను. అయినా ముందు ఎడమ పై విష్‌బోన్ కొంచెం వంకరగా ఉన్న నల్ల లోటస్ ఎక్కడైనా ప్రకటనలో కనిపిస్తే, అది నాది. ఆ కాళ్లు మాత్రం పెట్టెలో రావు.