తల్లికి కోవిడ్ వస్తే బిడ్డ ఎక్కడ ఉండాలి: పక్కనా, పక్క గదిలోనా?

మా చెల్లికి నెలలు నిండాక పాజిటివ్ వచ్చింది. నొప్పులు మొదలయ్యేలోపే ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. పుట్టగానే పాపను పక్క గదిలో పెడదామని అమ్మ, తల్లి దగ్గరే ఉంచుదామని నేను. ఆ తర్వాత ఇదే ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

అమ్మ భయం ఉత్తదేం కాదు. 2020 మొదట్లో చైనా డాక్టర్లు బిడ్డను 14 రోజులు విడిగా ఉంచమనే చెప్పారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ఆ ఏప్రిల్‌లో వేరు చేయడం మంచిదంది, జులైకల్లా మాట మార్చుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం కలిపే ఉంచమంటూ వచ్చింది. పాజిటివ్ తల్లులకు పుట్టిన పిల్లల్లో వైరస్ కనబడింది నూటికి ఇద్దరికి లోపే. 2022లో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన పెద్ద విశ్లేషణలో అది 1.8 శాతం. కడుపులో ఉండగానే సోకడం ఇంకా అరుదు. గర్భిణికి కోవిడ్ వస్తే బిడ్డకు అసలు ముప్పు నెలలు నిండకుండానే కాన్పు అయిపోవడం. అది పుట్టాక గది మారిస్తే తగ్గేది కాదు.

నా వరకు తేల్చేసింది పాలు. మొదటి రెండు మూడు రోజుల ముర్రుపాలు చెంచాల లెక్కలోనే వస్తాయి. బిడ్డ నోరు పట్టి లాగుతుంటేనో, పిండుతుంటేనో ఆ తర్వాత పాలు పెరుగుతాయి. పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. పక్క గదిలో పెడితే అన్నిసార్లూ పిండాలి. జ్వరంతో, ఒళ్లు నొప్పులతో ఉన్న బాలింత అర్ధరాత్రి రెండింటికి లేచి పిండుతుందా? రెండు రోజులు పిండి మూడో రోజు వదిలేస్తుంది, పాలు తగ్గిపోతాయి. పైగా కోవిడ్ వచ్చిన తల్లి పాలలో ఆ వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు ఉంటాయి. బిడ్డకు అంటించే వైరస్ మాత్రం పాలలో దొరకలేదు.

ఇంకో మాట ఎవరూ అనరు. పక్క గదిలో పాపను ఎత్తుకునేది ఎవరు? నిన్నటిదాకా ఆ తల్లితోనే ఒకే ఇంట్లో తిరిగినవాళ్లే కదా! వాళ్లకు సోకలేదని ఎవరు చెప్పగలరు?

బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే వేరు చేయడం ఇంకా నష్టం. తల్లి గుండెకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతి అందరికీ అందితే 1,25,000కు పైగా ప్రాణాలు నిలుస్తాయని, ఈ పిల్లల్లో కోవిడ్‌తో పోయేవి 2,000 లోపేనని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా చెప్పింది.

అయితే తల్లి ఆక్సిజన్ మీద ఉన్నా, బిడ్డను పట్టుకునే ఓపిక లేకపోయినా పక్క గదే దారి. అప్పుడు పిండిన పాలు పట్టాలి. డబ్బా పాలు అదీ కుదరనప్పుడే.

చివరికి పాప మా చెల్లి గదిలోనే ఉంది. ఊయల మంచానికి ఆరడుగుల దూరంలో, తల అవతలివైపు ఉండేలా వేశాం. పాలివ్వబోయే ప్రతిసారీ చెల్లి సబ్బుతో చేతులు కడుక్కుని మాస్కు పెట్టుకునేది. దగ్గు తెర వస్తే పాపను నాకిచ్చి తగ్గేదాకా ఆగేది. పాప ముఖానికి మాత్రం మాస్కు, షీల్డ్ ఏదీ పెట్టలేదు, పెట్టకూడదు కూడా, ఊపిరాడదు. పాప పాలు తాగకుండా మగతగా పడుకున్నా, ఒళ్లు కాలుతున్నా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా గది గురించిన వాదన పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.