కొండ మీద 3,682 రూపాయలు, బంకులో సున్నా

నిమ్మకాయ స్టవ్ కింద నుంచి కదిలి, మంచం పక్కగా దొర్లి, తిన్నగా డ్రైవర్ సీటు కిందికి పోయి ఆగింది. "చూశారా?" అన్నాను మా ఆయనతో. చూశారు. ఏమీ అనలేదు. కొడైకెనాల్ కొండల్లో, కారవాన్ పార్కు (వ్యాన్ ఇళ్లు రాత్రికి ఆపుకునే చోటు) అని ఫోన్లో గొప్పగా ఫొటోలు పెట్టుకున్న ఒక చోట, రాత్రి ఏడున్నరకి, మా వ్యాన్ ఇల్లు ముక్కు నేలకి పెట్టి నిలబడి ఉంది. ఆ ఒక్క రాత్రికి మేం కట్టింది 3,682 రూపాయలు. ఆ కడుపుమంటతోనే రాయడానికి కూర్చున్నాను గానీ, మంచివి కూడా జరిగాయి కాబట్టి వరసగానే చెప్తాను.

మాది రాజమండ్రి. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి 62 ఏళ్లకి రిటైరయ్యాను. ఆయన ఆర్టీసీ గ్యారేజీ మనిషి. రిటైరయ్యాక వ్యాన్ కొనుక్కుని అందులోనే ఉంటూ ఊళ్లు తిరుగుదామన్నది ఆయన సరదా. ఏడాదిలో నాలుగైదు నెలలు బండిలో, మిగతా నెలలు ఇంట్లో అని ఒప్పందం. మా వదినైతే "అంత ఇల్లు పెట్టుకుని లారీ క్లీనర్ బతుకేంటమ్మా" అని మొహం మీదే అనేసింది. పాత 2018 మోడల్ ట్రావెలర్ వ్యాన్ 7,10,000కి దొరికింది. లోపల మంచం, వంటగట్టు, 120 లీటర్ల నీళ్ల ట్యాంకు, పైన సోలార్ పలకలు, మూల చిన్న టాయిలెట్ డబ్బా, అన్నీ కట్టించడానికి ఇంకో 6,85,000. గ్రాట్యుటీలో సగం అక్కడే దిగిపోయింది.

ఇలాంటి బండి కట్టించుకోవాలనుకునేవాళ్లకి ఒక్క మాట. చెక్కపని అందంగా ఉందా లేదా అన్నది తరవాత. ముందు ఆర్.సి.లో బండి రకం మార్పించి ఇచ్చే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో ఉన్నదొకటి, రోడ్డు మీద తిరిగేది ఇంకొకటి అయితే కుదరదు. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లకి అదే చాలు. కారవాన్లకి ఏ.ఐ.ఎస్. 124 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉంది. ఆ మాట ఎత్తగానే ఒక షెడ్డు వాడు టీ తెప్పిస్తానని లేచి వెళ్లి మళ్లీ కనపడలేదు. అక్కడ చేయించుకోకపోవడమే మంచిదైంది.

రెండో మాట కరెంటు గురించి. "రాత్రంతా ఏసీ వేసుకోవచ్చండీ" అని అందరూ చెప్తారు. మా బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు. హెచ్చవేస్తే 2,400 వాట్ అవర్లు, అంటే రెండున్నర యూనిట్లకి లోపే. చిన్న ఏసీ ఏడెనిమిది వందల వాట్లు లాగినా మూడు గంటలకి చీకటే. అందుకే ఏసీ పెట్టించలేదు, రెండు ఫ్యాన్లతో సరిపెట్టుకున్నాం. ఎండాకాలం ఎలాగూ ఇంట్లోనే ఉంటాం.

ముక్కనుమ వెళ్లాక బయలుదేరాం. కనుమ నాడు కాకైనా కదలదు, మేమెంత. యానాం మీదుగా వెళ్దామని ఆయన పట్టు, ఎందుకంటే అక్కడ డీజిలు మనకంటే చవక. ట్యాంకు నింపాక ఆ రోజంతా ఆయన మొహంలో పెళ్లికళే. అక్కడి నుంచి 216 జాతీయ రహదారి పట్టుకుని అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం మీదుగా సూర్యలంక. చీరాల, నెల్లూరు, తిరుపతి హాయిగా గడిచాయి. తిరుపతిలో బండి కిందే పెట్టి కొండకి బస్సెక్కాం.

టోలు గేట్ల దగ్గర మాత్రం చిన్న బాధ ఉంది. 2025లో 3,000 కడితే 200 ట్రిప్పులని వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసు సొంత కారు, జీపు, వ్యానులకే. మా ట్యాగు మినీబస్సు తరగతిలో ఉండిపోయింది. పాసు రాదు, ప్రతి గేటులోనూ ఎక్కువే కోత. బండి రకం మార్పించినప్పుడే ట్యాగు కూడా మార్పించుకోవాల్సింది. అది మా తప్పే.

తంజావూరు పెద్దగుడి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. 1010లో పూర్తయిన గుడి, ఇప్పటికీ దాని ముందు నిలబడితే మెడ నొప్పి పుడుతుంది. అక్కడికి 13 కిలోమీటర్లలో తిరువయ్యారు, త్యాగరాజస్వామి సమాధి. ఆరాధన అయి అప్పటికి మూడు వారాలు. పందిరి కర్రలు ఒక పక్కన పేర్చి ఉన్నాయి. కావేరి ఒడ్డున మేమిద్దరం, ఒక పిల్లి. ఆ నిశ్శబ్దంలో గంటన్నర కూర్చున్నాం. ఆయనకి సంగీతం రాదు, అయినా లేవనివ్వలేదు.

సాయంత్రం బండి ఎక్కడ ఆపాలన్నది సమస్య. వ్యాన్ బతుకులో రోజూ నాలుగింటికి మొదలయ్యే గొడవ ఇదే. కోతల కాలం కావడంతో పక్క రోడ్ల మీద సగం వడ్లూ గడ్డీ పరిచి ఉన్నాయి. ఒక ఇంటి ముందు కాస్త ఖాళీ కనపడితే వచ్చీరాని తమిళంలో అడిగాను. ఆ ఇంటి పెద్దాయన నా మాట పూర్తవకుండానే "మీరు తెలుగువాళ్లా? మేమూ నాయుళ్లమే" అన్నారు. ఎన్ని తరాల కిందట వచ్చారో ఆయనకే లెక్క లేదు. తెలుగు రాయడం చదవడం రాదు, ఇంట్లో మాట మాత్రం తెలుగే. ఆ తెలుగు మన చెవికి పాతగానూ, సగం అరవంగానూ ఉంటుంది. నేను బండిలో కుక్కర్ పెడుతుంటే ఆ ఇంటావిడ తలుపు దగ్గరికొచ్చి, "ఇంట్లో పొయ్యి ఉండంగా వీధిలో ఎందుకు వండేది? రాండి" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు.

అరిటాకులో పొగలు కక్కే అన్నం, ఎండు ఉస్తికాయల వత్తకుళంబు, అప్పడం, అరటిపువ్వు కూర. వత్తకుళంబంటే మన పులుసే, కానీ చింతపండు మరిగి మరిగి నల్లబడి, పైకి నువ్వులనూనె తేలేదాకా దింపరు. మొదటి ముద్దకి చేదు, రెండో ముద్దకి పులుపు, మూడో ముద్ద తరవాత ఇంకేం తెలీదు. పులుపు తింటే గుండెల్లో మంట అని ఇంట్లో నా పులుసు పక్కకి నెట్టే మనిషి మూడుసార్లు వడ్డించుకున్నారు. నాకు కాస్త ఒళ్లు మండిన మాట నిజం. పొద్దున్న వెళ్తూ డబ్బులివ్వబోతే పెద్దాయన చిన్నబుచ్చుకున్నారు. మా ఆయనేమో పైపు పాడై నెలరోజులుగా మూలపడ్డ వాళ్ల మోటారు పంపు సరిచేసి వచ్చారు, అదీ గంటలో. సీసాలో ఉస్తికాయ వరుగులు పోసిచ్చారు ఆవిడ.

రామేశ్వరంలో ఒక జాగ్రత్త. 22 తీర్థాల స్నానం చేశాక తడిబట్టలతో గర్భాలయం వైపు వెళ్లనివ్వరు, పొడిబట్టలు మార్చుకోవాలి. లాడ్జీలో ఉంటే ఇది సమస్య కాదు. వ్యానులో తడిసిన చీర, పంచె, తువ్వాళ్లు ఎక్కడ ఆరేయాలి? రెండు రోజులు మా ఇల్లు బావిలా వాసన కొట్టింది. అక్కడ మాత్రం 1,150 పెట్టి లాడ్జీ గది తీసుకోండి. ధనుష్కోడిలో చీకటి పడ్డాక ఉండనివ్వరు కాబట్టి సముద్రం పక్కన బండిలో పడుకోవచ్చని కలలు కనకండి.

ఇక కొండ.

కొడైకెనాల్‌కి ముందే ఈ-పాసు తీసుకోవాలి, 2024 మే నుంచి అది తప్పనిసరి. అందులో బస ఎక్కడ అని అడిగితే ఆయన నా వైపు చూసి "ఇందులోనే కదా" అని స్టీరింగు తట్టారు. నవ్వుకున్నాం. నాకు మాత్రం కొండ మీద రోడ్డు పక్కన పడుకోవడం భయం. అందుకే పార్కు బుక్ చేసింది నేనే, ఆ సంగతి ఇప్పటికీ వినాల్సి వస్తోంది. చదునైన స్థలం, 16 ఆంపియర్ల సాకెట్, శుభ్రమైన తాగునీరు, మురుగు వదలడానికి గొట్టం, టాయిలెట్లు అని రాశారు. 2,400, ఆపైన జీఎస్టీ అని 432, మొత్తం 2,832 ముందే కట్టించుకున్నారు.

వెళ్లి చూస్తే అది ఒకప్పటి క్యారెట్ మడి. మెట్లు మెట్లుగా వాలిన నేల. మేనేజరు కుర్రాడితో బండి వాలిపోయి ఉంది నాయనా అంటే "వ్యూ కోసం అలా పెట్టాం మేడం" అన్నాడు. ఎదురుగా మంచు తప్ప ఏమీ లేదు. తెల్లారేదాకా ఏమీ కనపడలేదు, తెల్లారాక కూడా కనపడలేదు. చివరికి మా ఆయనే గోడ పక్క నుంచి నాలుగు ఇటుకలు మోసుకొచ్చి ముందు చక్రాల కింద పెట్టారు. నిమ్మకాయ అప్పుడు కాస్త నెమ్మదిగా దొర్లింది. బండి కొన్ననాడు చక్రాల కింద పెట్టి తొక్కించిన నిమ్మకాయలకైనా ఇంత పని పడలేదు.

సాకెట్ అన్నది టీ బడ్డీ నుంచి లాగిన మామూలు వైరు. ఛార్జరు పెట్టిన పది నిమిషాలకి ముట్టుకుంటే వైరు వేడిగా ఉంది. కరెంటు పారితే వైరు వేడెక్కుతుందనే జౌల్ నియమం ఏళ్ల తరబడి పదో తరగతికి బోర్డు మీద రాసినదాన్ని, ప్లగ్గు పీకేశాను. పది నిమిషాలు వాడిన ఆ కరెంటుకి పొద్దున్న బిల్లులో 400. చలిమంట 350, అడగలేదు, మా బండి ముందు వాళ్లే వేశారు. వేణ్నీళ్లు బక్కెట్ 50, రెండు బక్కెట్లు 100. టాయిలెట్ ఎనభై అడుగుల దూరంలో ఉంది, గడియ లేదు. ఒకళ్లు లోపల, ఒకళ్లు బయట టార్చితో కాపలా. 63 ఏళ్ల వయసులో, ఆ చలిలో, రాత్రి రెండింటికి. మురుగు గొట్టం ఎక్కడ అంటే కుర్రాడు లోయ చూపించాడు! మా టాయిలెట్ డబ్బా తీసుకెళ్లి లోయలో కుమ్మరించమని. ఆ డబ్బా ఖాళీ చేసే పని మొదటి నుంచీ మా ఆయనది, ఒప్పందంలో అది మొదటి షరతు. ఆయన మూత బిగించి మళ్లీ లోపల పెట్టేశారు. "కింద మనుషులుంటారు" అన్నారు. ఆ రాత్రి ఆయన మాట్లాడింది ఆ రెండు ముక్కలే.

అన్నిటికంటే నష్టం నీళ్లు. చీకట్లో వాళ్ల డ్రమ్ములోంచి మా ట్యాంకు నింపేశాం. పొద్దున్న కుళాయి తిప్పితే పచ్చటి నాచు. ఎక్కడైనా సరే, ముందు గాజు గ్లాసులో పట్టి చూడకుండా ట్యాంకులోకి పోయకండి. బస్టాండు దగ్గర మామూలు లాడ్జీలో గది 1,500 అని దిగేటప్పుడు తెలిసింది. నేను అడక్కుండా ఉండాల్సింది.

మర్నాడు కొండ దిగి, కరూరు దాటాక ఒక పెట్రోలు బంకులో ఆగాం. 2,000కి డీజిలు పోయించి, రాత్రికి ఓ పక్కన ఉంటామని అడిగాం. కాపలా ముసలాయన లారీల మధ్య వద్దని, గాలి పట్టే మిషను పక్కన చూపించాడు. లారీలు తెల్లవారుజామునే స్టార్టు చేస్తారు, నిద్ర ఉండదని. చదును నేల, లైటు, కుళాయి. టాయిలెట్‌కి లోపల గడియ ఉంది! నేను దాన్ని రెండుసార్లు వేసి తీసి చూశాను. డబ్బా ఎక్కడ ఖాళీ చెయ్యాలో చూపించి, తరవాత నీళ్లు బాగా కొట్టమన్నాడు, అంతే. టీకి 50 ఇస్తే తీసుకుని, తను తాగొచ్చి మాకూ రెండు కప్పులు తెచ్చాడు. వ్యానులో తిరిగేవాళ్లకి నేను చెప్పే ఉత్తమ బస ఇదే, ఎవరేమన్నా సరే. ఒకటే నియమం, అడిగి ఆపండి. అడక్కుండా చీకట్లో దూరి పడుకుంటే ఎవరికైనా కోపం వస్తుంది.

వెనక్కి కర్ణాటక మీదుగా వచ్చాం. బాగేపల్లి దగ్గర, మన సరిహద్దు దాటకముందే, ఆయన మళ్లీ ట్యాంకు నింపారు. మళ్లీ పెళ్లికళ. లేపాక్షి, గండికోట చూసుకుని ఇల్లు చేరాం.

21 రాత్రులు, 2,940 కిలోమీటర్లు. డీజిలు 27,860. టోలు 5,640. కిరాణా, కూరలు, గ్యాసు 8,300. బయట తిండి 4,450. లాడ్జీ గదులు మూడు రాత్రులకి 4,150, పార్కింగులకి 910. ఆ కొండ మీది 3,682 వేరే. బండి ఖరీదు కలపకుండానే రోజుకి 2,600 పైన. కారులో వెళ్లి మామూలు లాడ్జీల్లో దిగినా ఇంచుమించు ఇంతే అవుతుంది, కాబట్టి డబ్బు మిగుల్తుందని మాత్రం ఎవరూ వ్యాన్ కొనకండి.

పార్కు గురించి ఉన్నదున్నట్టు రివ్యూ రాశాను. యజమాని ఫోన్ చేసి, తీసేస్తే ఈసారి ఒక రాత్రి ఉచితం అన్నాడు. తీయలేదు. వాళ్ల నాలుగు ఇటుకలు పొరపాటున మా బండిలోనే వచ్చేశాయి. నీళ్ల ట్యాంకు మా ఆయన మూడోసారి కడుగుతున్నారు, ఇంకా నాచు వాసన పోలేదంటున్నారు.