తిరుపతిలో ‘నెట్‌వర్కింగ్ స్కిల్స్’ వర్క్‌షాప్‌కు డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

తిరుపతి, చిత్తూరు వైపు చదువు అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్ల ఫీజులు కట్టే అమ్మానాన్నలకు ఇది రాస్తున్నాను. ‘ఫ్రెషర్స్ కోసం ప్రొఫెషనల్ నెట్‌వర్కింగ్ స్కిల్స్, రెండు రోజుల వర్క్‌షాప్’ (ఉద్యోగం కోసం పరిచయాలు పెంచుకోవడం నేర్పే క్లాసు) అని బాలాజీ కాలనీలో హాస్టళ్ల ముందు పాంప్లెట్లు పంచుతున్నారు. ఇన్‌స్టాలోనూ యాడ్ తిరుగుతోంది. నేను డబ్బు కట్టి ఆ రెండు రోజులూ కూర్చున్నాను. అక్కడ జరిగేది మన ఫోన్లలోని చుట్టాల నంబర్లు రాబట్టుకుని, వాళ్లనూ మననూ ఒక గొలుసుకట్టు వ్యాపారంలోకి లాగడం. దయచేసి కట్టకండి.

ఫీజు రూ. 4,999, జీఎస్టీతో కలిపి రూ. 5,899. దానికి వాళ్లు చెప్పినవి: లింక్డ్‌ఇన్ (ఉద్యోగ పరిచయాల వెబ్‌సైటు) ప్రొఫైల్ దగ్గరుండి తయారు చేయించడం, శ్రీసిటీ కంపెనీల హెచ్ఆర్‌లతో ముఖాముఖి, రిఫరల్స్, ‘ప్రభుత్వ గుర్తింపు ఉన్న’ సర్టిఫికెట్. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక హోటల్ హాలు, ఏసీ, భోజనం. మొదటి రోజు పొద్దున నడిచిన క్లాసు పర్వాలేదు. నిమిషంలో మనల్ని మనం ఎలా పరిచయం చేసుకోవాలో చెప్పించారు, తప్పులు దిద్దారు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను.

టీ బ్రేక్ తర్వాత ఒక్కొక్కరికీ ఒక షీటు ఇచ్చారు. నూరు గళ్లు. పైన హెడ్డింగులు చూడండి: పేరు, ఫోను నంబరు, మీకు ఏమవుతారు, ఏం పని చేస్తారు, ఇల్లు సొంతమా అద్దెనా, విదేశాల్లో ఎవరైనా ఉన్నారా. మధ్యాహ్నం లోపు నింపి ఇవ్వాలన్నారు. ఉద్యోగం కోసం చేసే పరిచయాలకు, మన పిన్ని ఉండేది సొంతింట్లోనా అద్దెకా అన్నదానికి సంబంధం ఏముంది? నా పక్కన కూర్చున్న పుత్తూరు అమ్మాయి వాళ్ల మామ పేరు రాసింది, ఆయన కువైట్ నుంచి ఈ మధ్యే వచ్చాడట. ట్రైనర్ బెంచీల మధ్య తిరుగుతూ వచ్చి ఆ పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. “సార్, మా మామకూ నా ఉద్యోగానికీ ఏం సంబంధం సార్?” అని ఆ పిల్ల అడిగింది. “నెట్‌వర్క్ ఈజ్ నెట్‌వర్త్ అమ్మా, ముందు రాయి, రేపు తెలుస్తుంది” అన్నాడు. నేను నా షీటు ఖాళీగానే ఇచ్చేశాను. దానికి ఆయన అందరి ముందూ “ఇట్లాంటి నెగెటివ్ మైండ్‌సెట్ ఉంటే జీవితంలో పైకి రారు” అన్నాడు.

ఆ ‘రేపు’ తెలిసింది. రెండో రోజు మధ్యాహ్నం వచ్చిన ‘శ్రీసిటీ హెచ్ఆర్’ ఒక్క ఉద్యోగం గురించి కూడా మాట్లాడలేదు. ఏ కంపెనీ సార్, ఏ డిపార్ట్‌మెంటు సార్ అని అడిగితే ఇప్పుడు ఫుల్‌టైమ్ మెంటారింగ్ చేస్తున్నానని మాట దాటేశాడు. తర్వాత స్క్రీన్ మీద ప్లాన్ వేశారు. రూ. 18,500 పెట్టి పొడులు, క్యాప్సూల్సు ఉన్న కిట్ కొనాలి, మన కింద ఇద్దరిని చేర్చాలి, ఆ ఇద్దరూ చెరో ఇద్దరిని చేర్చాలి. కిట్ తీసుకున్నవాళ్లకు సర్టిఫికెట్ అప్పుడే చేతికి, తీసుకోనివాళ్లకు ‘ప్రాజెక్టు పూర్తయ్యాక’. ఆ ప్రాజెక్టు ఏమిటంటే షీటులో రాసిన నూరు మందికీ ఫోన్లు చేయడం.

పుత్తూరు అమ్మాయి కిట్ కొనలేదు. అయినా అదే రాత్రి వాళ్ల మామకు ఫోను వెళ్లింది, “మీ మేనకోడలు మా టీమ్‌లో చేరింది, మిమ్మల్నీ చేర్చమంది” అని. ఆయన ఆ పిల్ల వాళ్లమ్మకు ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాడు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఎండకు మాడి వచ్చిన మనిషి దాచుకున్న డబ్బు మీద ఎవడో కన్నేశాడంటే ఆయనకు కోపం రాదా? ఆ పిల్ల ఏడుస్తూ నాకు చెప్పింది. రూ. 5,899 పోతే పోయింది, మామ ముందు తలెత్తుకోలేకపోతున్నాను అక్కా అంది. నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే.

లింక్డ్‌ఇన్ విషయం వేరే చెప్పాలి. ‘ప్రొఫైల్ తయారీ’ పేరుతో వాళ్ల ల్యాప్‌టాప్‌లో మన పాస్‌వర్డ్‌తో లాగిన్ చేయించి, దానంతట అదే ఇన్విటేషన్లు పంపే ఒక టూల్ ఆన్ చేశారు. మన పేరు మీద ముక్కూమొహం తెలియనివాళ్లకు వరసపెట్టి ఇన్విటేషన్లు వెళ్లిపోయాయి. కనెక్షన్లు 500 దాటితే ప్రొఫైల్‌లో ‘500+’ అని మాత్రమే కనిపిస్తుంది కాబట్టి అంతవరకు తోసేస్తే గొప్పగా ఉంటుందని వాళ్ల లెక్క. ఇలాంటి ఆటోమేషన్ టూల్స్ వాడకూడదని లింక్డ్‌ఇన్ నిబంధనల్లోనే ఉంది, వాడితే అకౌంట్‌ను ఆపేయొచ్చు. మా బ్యాచ్‌లో కొందరికి అదే జరిగింది. మీరు కూడా అక్కడ లాగిన్ అయి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చి, సెట్టింగ్స్‌లో ‘సైన్ ఇన్ అండ్ సెక్యూరిటీ’ కింద ఏయే పరికరాల్లో లాగిన్ ఉందో చూసి అన్నిట్లోంచీ బయటికి వచ్చేయండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. పంపిన ఇన్విటేషన్లను ‘మై నెట్‌వర్క్’లో మేనేజ్‌లోకి వెళ్లి వెనక్కి తీసుకోవచ్చు. అలా తీసుకున్నాక అదే మనిషికి మళ్లీ పంపాలంటే మూడు వారాల దాకా ఆగాల్సి రావచ్చు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏమిటంటే, నెట్‌వర్కింగ్ అనేది నిజంగా పనికొచ్చే విద్య. వాళ్లు చెప్పింది దానికి పూర్తిగా తలకిందులు. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను కలిసి, ఆ తెలిసినవాళ్లను ఎంత తరచుగా కలిసేవారో అడిగాడు. 1973లో ప్రచురించిన ఆ పరిశోధనలో తరచుగా కలిసేవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లు నూటికి 17 మంది లోపే. మిగతావాళ్లందరికీ అప్పుడప్పుడూ, ఎప్పుడో ఒకసారీ కలిసేవాళ్లే దారి చూపించారు. మన ఇంట్లోవాళ్లకు తెలిసినవి చాలావరకు మనకూ తెలిసినవే, కొత్త కబురు కాస్త దూరంలో ఉన్నవాళ్ల దగ్గర ఉంటుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం రెండు కోట్ల మంది లింక్డ్‌ఇన్ వాడకందార్లను గమనించి దాదాపు ఇదే మాట చెప్పింది. అంటే మేనమామ, పెదనాన్న నంబర్లతో నింపిన షీటు ఉద్యోగానికి పనికొచ్చే షీటు కానే కాదు, సరుకు అమ్ముకోవడానికి పనికొచ్చే షీటు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది చెబుతాను. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ లేదా యూనివర్సిటీ పేజీ తెరిస్తే ‘అలమ్నై’ (పాత విద్యార్థులు) అని ఉంటుంది. ఎస్వీయూ, మహిళా యూనివర్సిటీ, మీరు చదివింది ఏదైతే అది. అక్కడ ఊరు, కంపెనీ, చేసే పని బట్టి సీనియర్లను వెతకొచ్చు. మనకంటే రెండు మూడేళ్లు ముందున్నవాళ్లయితే మేలు, వాళ్లకు మన అవస్థ ఇంకా గుర్తుంటుంది. ఉద్యోగం ఇప్పించండి అని మొదలుపెట్టకుండా ఇలా రాయండి: “అక్కా, నేను ఎస్వీయూలో ఎంకామ్ చేశాను. మీరు ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో చేస్తున్నారని చూశాను. అక్కడ చేరడానికి ముందు ఏం నేర్చుకుని ఉండాలో ఒక పది నిమిషాలు చెప్పగలరా?” నేను రాసినప్పుడు చాలామంది పలకలేదు. పలికిన ఒక అక్క మాత్రం ఎక్సెల్‌లో ఏవి రావాలో, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీలో ఏవి అడుగుతారో, ఇంటర్వ్యూలో జీఎస్టీ రిటర్నుల గురించి ఎట్లా అడుగుతారో వాయిస్ మెసేజ్‌లో విడమరిచి చెప్పింది. ఆ రెండు రోజుల వర్క్‌షాప్ మొత్తంలో నాకు అంత దొరకలేదు. మాట్లాడినవాళ్లకు తర్వాత థాంక్స్ చెప్పి, వాళ్లు చెప్పినదాంట్లో మీరు ఏం చేశారో రెండు ముక్కలు రాయండి. పరిచయం నిలబడేది అక్కడే. కేంద్ర కార్మిక శాఖ వాళ్ల నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో కూడా ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఉచితంగా నమోదు చేసుకోవచ్చు.

వేరే ఎవరి కోర్సుకైనా డబ్బు కట్టాలనుకుంటే బిల్లు దగ్గరే నిలదీయండి. మాకు ఇచ్చిన కాగితంలో జీఎస్టీ 18 శాతం అని వేశారు కానీ జీఎస్టీ నంబరు లేదు. జీఎస్టీ వసూలు చేసేవాళ్లకు 15 అంకెలు, అక్షరాల నంబరు ఉండి తీరాలి. మన రాష్ట్రంలో తీసుకున్నదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో ఉచితంగా తెలుస్తుంది. డబ్బు ఫోన్‌పేలో ఒక మనిషి పేరు మీద వెళ్లింది, సంస్థ పేరు మీద కాదు. ‘ప్రభుత్వ గుర్తింపు’ అడిగితే ఉద్యమ్ సర్టిఫికెట్ చూపించారు. ఉద్యమ్ అంటే ఏ చిన్న వ్యాపారమైనా సొంతంగా వివరాలిచ్చి ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకునే నమోదు. కోర్సు నాణ్యతకూ దానికీ ఏ సంబంధం లేదు.

ఇప్పటికే కట్టినవాళ్లు ఊరుకోకండి. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు, కట్టిన మొత్తం రూ. 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. గొలుసుకట్టు స్కీముల మీద 1978 నుంచే నిషేధ చట్టం (ప్రైజ్ చిట్స్ అండ్ మనీ సర్క్యులేషన్ స్కీమ్స్ బ్యానింగ్ యాక్ట్) ఉంది, 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ స్కీములను వద్దంటున్నాయి. కిట్ కొన్నవాళ్లు పోలీస్ స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఈ రెండిటి పేర్లూ చెప్పండి.

నేను 1915లో ఫిర్యాదు పెట్టాక ఆ వర్క్‌షాప్ వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, సగం తిరిగిస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అని. ఒప్పుకోలేదు. పుత్తూరు అమ్మాయి కూడా ఫిర్యాదు చేసింది. అదే బ్యాచ్‌లో గానీ తర్వాతి బ్యాచ్‌ల్లో గానీ కూర్చున్నవాళ్లుంటే ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాళ్లిచ్చిన కాగితం, పాంప్లెటు, వాట్సాప్ మెసేజీలు ఒక్కటీ తీసెయ్యకుండా ఉంచుకుని మీరూ ఫిర్యాదు చేయండి. షీటులో నంబర్లు రాసి ఇచ్చినవాళ్లు ముందు ఆ చుట్టాలకు మీరే ఫోన్ చేసి, నా పేరు చెప్పి ఎవరు డబ్బు అడిగినా ఇవ్వొద్దు అని ఈరోజే చెప్పేయండి.